జీడితొక్కలో మొదలయ్యే గొలుసు

పలాస, కాశీబుగ్గ పరిసరాల్లోని కార్ఖానాలు జీడిపిక్కల నుంచి తీసే పప్పు దేశమంతటా అమ్ముడుపోతుంది గాని, పిక్క బరువులో ఆ పప్పు వాటా నాలుగో వంతుకు అటూ ఇటూగానే ఉంటుంది. మిగిలిన బరువులో అధిక భాగం తొక్కదే. ఆ తొక్క రెండు గట్టి పొరల నడుమ ఉన్న చిన్న చిన్న అరల్లో ముదురు గోధుమరంగు నూనె నిండి ఉంటుంది. అది తొక్క బరువులో పావు వంతు నుంచి మూడో వంతు దాకా ఉంటుంది. పిక్కలు కోసే స్త్రీల వేళ్లను పొక్కించి, తోలు ఊడగొట్టి, నల్లని మరకలు మిగిల్చే పదార్థం ఇదే. ఉద్దానం తోటల్లో పండే ఈ పిక్కకు మార్కెట్‌లో విలువ పప్పు వల్లనే వస్తున్నా, రసాయన శాస్త్రం దృష్టిలో అంతకంటే ఆసక్తికరమైనది ఆ తొక్కలోని నూనె. ఎందుకంటే చిన్న అణువులు ఒకదానితో ఒకటి కలిసి మహా అణువులుగా ఎలా మారతాయి, అసలు ఎందుకు మారతాయి అనే ప్రశ్నకు కావలసిన జవాబులో చాలా భాగం ఆ నూనె ప్రవర్తనలోనే దొరుకుతుంది.

తాజాగా తీసిన జీడితొక్క నూనె ధారగా కారే ద్రవం. దాన్ని చెక్క మీద పలుచగా పూసి గాలికి వదిలితే కొన్నాళ్లకు ఆరి, గోటికి ఊడిరాని పొరగా మారుతుంది. పడవల చెక్కకు, చేపల వలలకు ఈ నూనె పట్టించే వాడుక భారత తీరాల్లో పాతదే. అదే నూనెను తగిన రీతిలో శుద్ధి చేసి ఫార్మాల్డిహైడ్ అనే రసాయనంతో కలిపి వేడి చేస్తే మొదట చిక్కబడి, తర్వాత బంకలా సాగి, చివరికి ఎంత వేడి చేసినా కరగని, ఏ ద్రావణిలో వేసినా కలవని గట్టి ముద్దగా తయారవుతుంది. ఆ ముద్దను పొడిచేసి లారీల, బస్సుల బ్రేకు లైనింగులలో కలుపుతారు. ద్రవం ఘనం కావడం నీరు మంచుగా గడ్డకట్టినప్పుడు కూడా జరుగుతుంది. అయితే మంచు వేడికి తిరిగి నీరవుతుంది, ఈ ముద్ద మాత్రం మళ్లీ నూనె కాదు. ఇక్కడ మారింది అణువుల అమరిక మాత్రమే కాదు, అణువులే.

ఇలా అనేక చిన్న అణువులు రసాయన బంధాలతో కలిసి ఏర్పడిన పెద్ద అణువును పాలిమర్ అనీ, కలిసే చిన్న అణువును మోనోమర్ అనీ, కలిసే ప్రక్రియను పాలిమరీకరణం అనీ అంటారు. పాలిమర్ అనే పేరును స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్ 1833లో మరో అర్థంలో వాడాడు. ఆ పేరుకు నేటి అర్థం స్థిరపడటానికి దాదాపు ఒక శతాబ్దం పట్టింది. రబ్బరు, పత్తి, పట్టు వంటి పదార్థాలు చిన్న అణువుల గుంపులేననీ, ఏవో బలహీనమైన ఆకర్షణలే వాటిని అంటిపెట్టి ఉంచుతున్నాయనీ ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో చాలామంది పెద్ద రసాయన శాస్త్రవేత్తలు నమ్మేవారు. జర్మనీలో హెర్మన్ స్టౌడింగర్ 1920లో ఆ నమ్మకాన్ని ఎదిరించి, ఇవి వందల, వేల యూనిట్లు మామూలు సమయోజనీయ బంధాలతోనే, అంటే పరమాణువులు ఎలక్ట్రాన్లను పంచుకోవడం వల్ల ఏర్పడే బలమైన బంధాలతోనే, వరుసగా కలిసిన పొడవాటి అణువులని ప్రతిపాదించాడు. ఏళ్ల తరబడి ఆక్షేపణలను భరించి, ఒక్కొక్క ప్రయోగంతో వాటికి సమాధానం చెప్పిన ఆయనకు నోబెల్ బహుమతి 1953లో వచ్చింది. పదార్థ శాస్త్రంలో ఆలస్యంగా అందిన న్యాయాలలో దీన్ని ముందు వరసలో చెప్పుకోవాలి.

ఏ అణువైనా పాలిమర్‌లో చేరాలంటే దానికి మొదట ఉండవలసిన అర్హత ఇతర అణువులతో బంధం ఏర్పరచుకోగల స్థానాలు. అరకు నుంచి పార్వతీపురం మన్యం దాకా కొండ ఊళ్లలో ఆడే థింసా నృత్యాన్ని తలచుకుంటే ఈ లెక్క సులభంగా బోధపడుతుంది. ఆడేవారు ఒకరి వెనకగా ఒకరు చేతులు చాచి పక్కవారిని పట్టుకుంటారు. ప్రతివారికీ రెండు చేతులు ఉన్నాయి గనుక వరుస ఎంత పొడవైనా సాగుతుంది. ఒక్క చేయి మాత్రమే ఖాళీగా ఉన్న మనిషి వచ్చి కలిస్తే ఆ వైపు వరుస అక్కడితో ఆగిపోతుంది. ఎవరికైనా మూడు చేతులు ఉంటే ఆ మనిషి దగ్గర వరుస చీలి కొమ్మ వేస్తుంది, అలాంటివారు చాలామంది ఉంటే వరుసకు బదులు వల ఏర్పడుతుంది. రసాయన శాస్త్రంలో ఈ చేతుల సంఖ్యనే ఆ అణువు క్రియాత్మకత అంటారు. క్రియాత్మకత ఒకటైతే పాలిమర్ లేదు, రెండైతే గొలుసు, మూడు, అంతకు మించితే జాలం. వేడికి మెత్తబడే ప్లాస్టిక్కుకూ, వేడికి ఏమాత్రం లొంగని బ్రేకు లైనింగుకూ ఉన్న తేడాకు మూలం ఈ చిన్న సంఖ్యే.

ఇప్పుడు జీడితొక్క నూనెకు ఎన్ని చేతులున్నాయో చూడాలి. సహజ స్థితిలో ఆ నూనెలో అధిక భాగం అనకార్డిక్ ఆమ్లం. కార్ఖానాలో నూనెను వేడి చేసినప్పుడు ఆ ఆమ్లం తనలోని ఒక భాగాన్ని కార్బన్ డై ఆక్సైడ్ వాయువుగా వదిలి కార్డనాల్ అనే పదార్థంగా మారుతుంది. కార్డనాల్ నిర్మాణంలో రెండు భాగాలున్నాయి: ఆరు కార్బన్ పరమాణువుల బెంజీన్ వలయానికి ఆక్సిజన్-హైడ్రోజన్ జంట అతుక్కుని ఉన్న ఫీనాల్ అనే తల ఒకటి, దానికి వేలాడే 15 కార్బన్ల పొడవాటి తోక మరొకటి. ఫీనాల్ వలయంలో ఆక్సిజన్‌కు ఇరుపక్కలా ఉన్న రెండు స్థానాలు, దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న మూడో స్థానం, ఈ మూడే ఫార్మాల్డిహైడ్‌తో చురుగ్గా చర్య జరుపుతాయి. కార్డనాల్‌లో తోక ఈ మూడింటినీ తప్పించి మరో స్థానంలో ఉంది గనుక మూడు చేతులూ ఖాళీగానే మిగిలాయి. అయితే ఆక్సిజన్‌కూ తోకకూ మధ్య చిక్కుకున్న స్థానానికి చోటు ఇరుకు కావడం వల్ల అది మిగతా రెండింటంత చురుకైనది కాదు. తోకలో కూడా సగటున రెండు చోట్ల కార్బన్లు ద్విబంధంతో కలిసి ఉంటాయి, ఆ ద్విబంధాలు కూడా అదును దొరికితే పొరుగు అణువులతో కలవగలవు. తలతో ఒక రకంగా, తోకతో మరో రకంగా పాలిమర్ కాగల అణువులు ప్రకృతిలో అంత తరచుగా కనిపించవు.

తల దగ్గర జరిగేది సంఘనన పాలిమరీకరణం. ఒక కార్బన్, ఒక ఆక్సిజన్, రెండు హైడ్రోజన్‌లు గల అతి చిన్న అణువైన ఫార్మాల్డిహైడ్ ముందుగా ఒక ఫీనాల్ వలయాన్ని పట్టుకుని, ఆ తర్వాత రెండో వలయాన్ని కూడా పట్టుకుని, రెంటి మధ్య ఒక్క కార్బన్ వంతెనగా మిగిలిపోతుంది. ఈ క్రమంలో ఒక నీటి అణువు బయటికి పోతుంది. ఇలా కలిసిన ప్రతిసారీ నీరు వంటి చిన్న అణువును వదిలే పద్ధతిని సంఘననం అనీ, ఏమీ వదలకుండా మోనోమర్ మొత్తంగా గొలుసులో చేరిపోయే పద్ధతిని సంకలనం అనీ విడదీసి చూపినవాడు అమెరికా రసాయన శాస్త్రవేత్త వాలెస్ కారథర్స్. 1929లో ఈ విభజన చేసిన ఆయనే తర్వాత 1935లో నైలాన్‌ను కనుగొన్నాడు. ఫీనాల్, ఫార్మాల్డిహైడ్ కలయికతో లియో బేక్లాండ్ 1907లోనే బేకలైట్‌ను తయారు చేశాడు; పాత ఇళ్లలోని నల్లని స్విచ్చులు ఆ పదార్థంతో చేసినవే. కార్డనాల్‌తో అయ్యే గట్టి ముద్దను బేకలైట్‌కు దాయాది అనుకోవచ్చు.

సంఘననంలో పెద్ద అణువులు తయారు కావడం పైకి కనిపించినంత తేలిక కాదని కారథర్స్ ఇచ్చిన చిన్న సూత్రం తెలియజేస్తుంది. రెండు చేతులున్న అణువులు మాత్రమే ఉన్న పాత్రలో కలవవలసిన చేతుల్లో నూటికి 90 కలిసిపోయినా గొలుసు సగటు పొడవు 10 యూనిట్లే, 99 కలిస్తే 100 యూనిట్లు, 99.5 కలిస్తే 200. అంటే ఆఖరి ఒక్క శాతంలోనే గొలుసు బలమంతా ఉంది. అందుకే పరిశ్రమలో మోనోమర్ల శుద్ధత విషయంలోనూ, రెండు రకాల మోనోమర్ల పాళ్లు సరితూగడంలోనూ, పుట్టిన నీటిని ఎప్పటికప్పుడు తొలగించడంలోనూ అంత పట్టుదల చూపుతారు. నీరు పాత్రలో నిలిచిపోతే అది ఏర్పడిన బంధాలను తిరిగి తెంచగలదు. మూడు చేతుల అణువుల కథ దీనికి పూర్తిగా భిన్నం. మూడు చేతుల మోనోమర్లు, రెండు చేతుల మోనోమర్లు చేతుల లెక్కలో సమంగా ఉన్నప్పుడు సుమారు 71 శాతం చేతులు కలవగానే పాత్ర అంతటా విస్తరించిన ఒకే ఒక్క జాలం హఠాత్తుగా పుడుతుందని పాల్ ఫ్లోరీ 1941లో గణితంతో చూపాడు. ఆ క్షణం దాకా గరిటెతో కలపగలిగిన ద్రవం ఆ తర్వాత ప్రవహించదు. ఇలాంటి జాలం కట్టే పదార్థాన్ని, అంటే రెజిన్‌ను, కాచేవారు ఆ ఘడియకు ముందే వేడి ఆపి, సగం తయారైన రెజిన్‌ను బయటికి తీసి, దాన్ని తక్కిన పదార్థాలతో కలిపి అచ్చులో పోశాకనే మిగిలిన బంధాలను పూర్తి కానిస్తారు. పాత్రలోనే జాలం కట్టేస్తే దాన్ని కరిగించి తీసే ఉపాయం లేదు.

బ్రేకులకు బేకలైట్‌తో పని జరగదా అంటే, జరుగుతుంది గాని బేకలైట్ జాలం మరీ బిగుతు కావడం వల్ల పెళుసుగా విరుగుతుంది. కార్డనాల్ జాలంలో ప్రతి ముడి దగ్గరా 15 కార్బన్ల తోక ఒకటి ఉంటుంది. ఆ తోకలు వలయాలను కొంత దూరంగా ఉంచి, జాలానికి అదురును మింగే మెత్తదనాన్ని ఇస్తాయి. చక్రం ఒరిపిడికి పుట్టే వేడిలో ఈ పదార్థం కరిగి జారిపోదు. పై పొర మాత్రం కొద్దికొద్దిగా మాడి అరుగుతూ, పట్టును నిలబెట్టుకుంటుంది, కీచు శబ్దాన్ని తగ్గిస్తుంది. అమెరికాలో మోర్టిమర్ హార్వే ఇరవయ్యో శతాబ్దం తొలి భాగంలో ఈ గుణాన్ని గుర్తించి, జీడితొక్క నూనె ఉపయోగాల మీద పేటెంట్లు పొందాడు. అంతవరకు ఎక్కువగా పొయ్యిలో కాలిపోవడానికే పనికివచ్చిన తొక్కకు ధర వచ్చింది అప్పటి నుంచే. ఆ ధరలో పిక్క కోసే కార్మికురాలికి దక్కిన వాటా మాత్రం ఎప్పుడూ స్వల్పమే. ఆమె వేళ్ల మీది పుండ్లకు కారణం కూడా ఇవే అణువులు గనుక ఈ మాట చెప్పకుండా ముందుకు పోవడం సరికాదు.

ఎలా అన్న ప్రశ్నకు ఇంతవరకు కొంత సమాధానం వచ్చింది. ఎందుకు అన్నది మిగిలింది. విడివిడిగా స్వేచ్ఛగా తిరిగే అణువులు ఒక గొలుసులో బందీలు కావడానికి ఎందుకు సిద్ధపడాలి? ప్రకృతిలో ఏ మార్పు అయినా దానంతట అది జరగాలంటే రెండు లెక్కలు తేలాలి. మొదటిది శక్తి లెక్క: మార్పు తర్వాత బంధాలు మునుపటి కంటే బలపడితే మిగిలిన శక్తి వేడిగా బయటికి వస్తుంది, అది మార్పుకు అనుకూలం. రెండోది ఎంట్రోపీ లెక్క: అణువులు ఎన్ని రకాలుగా చెదిరి ఉండగలవో చెప్పే కొలత ఎంట్రోపీ, అది తగ్గితే మార్పుకు ప్రతికూలం. పాలిమరీకరణంలో ఎంట్రోపీ దాదాపు ఎప్పుడూ తగ్గుతుంది గనుక, ఆ నష్టాన్ని పూడ్చేంత శక్తి లాభం ఉంటేనే గొలుసు ఏర్పడుతుంది. ఆ లాభం ద్విబంధం నుంచి రాగలదు: దానిలోని రెండు బంధాలు సమానం కావు. రెండోది మొదటి దానికంటే బలహీనం. ఆ బలహీనమైన బంధాన్ని తెంచి, దానికి బదులు పొరుగు అణువుతో ఒక దృఢమైన ఏకబంధాన్ని ఏర్పరిస్తే ప్రతి జతకూ శక్తి మిగులుతుంది. స్టైరీన్ అనే మోనోమర్ విషయంలో ఈ మిగులు మోల్‌కు సుమారు 70 కిలోజౌళ్లు. గది ఉష్ణోగ్రత వద్ద ఎంట్రోపీ నష్టం విలువ సుమారు 30 కిలోజౌళ్లు మాత్రమే. నికరంగా లాభమే. ఉష్ణోగ్రత పెరిగే కొద్దీ ఎంట్రోపీ నష్టం బరువు పెరుగుతూ పోయి, ఒక దశలో లాభనష్టాలు సమమవుతాయి. దాన్ని సీలింగ్ ఉష్ణోగ్రత అంటారు. దానికి పైన గొలుసు కట్టుకోదు, కట్టుకున్నది విడిపోతుంది. స్టైరీన్‌కు అది 300 డిగ్రీల సెల్సియస్‌కు పైమాటే కాగా, అదే అణువులో తగిన చోట ఒక్క మీథైల్ సమూహం అదనంగా చేరి గొలుసులో ఇరుకు పెరిగితే సుమారు 60 డిగ్రీలకు పడిపోతుంది.

లాభం ఉన్నంత మాత్రాన చర్య వెంటనే మొదలు కాదు. మొదలు పెట్టడానికి ఒక అణువును కదిలించేది ఏదో కావాలి, సాధారణంగా అది స్వేచ్ఛా ప్రాతిపదిక, అంటే జత లేని ఒక ఎలక్ట్రాన్‌తో అతి చురుకుగా ఉండే అణుభాగం. అది స్టైరీన్ ద్విబంధాన్ని తెరిచి తనకు అతికించుకుంటుంది, జత లేని ఎలక్ట్రాన్ కొత్త కొసకు జరుగుతుంది, ఆ కొస మరో స్టైరీన్‌ను పట్టుకుంటుంది. ఒక్క సెకను కూడా గడవకుండానే వందల, వేల అణువులు ఒకే గొలుసులోకి వచ్చి చేరతాయి. స్టైరీన్‌కున్న విశేషం ఏమిటంటే ఆ ప్రాతిపదికలను అది తనంతట తానే, వేడి ఒక్కదానితోనే పుట్టించుకోగలదు. జర్మనీలో ఎడ్వర్డ్ సైమన్ 1839లో ఒక చెట్టు బంక నుంచి ఈ ద్రవాన్ని తీసి నిలవ ఉంచితే కొన్నాళ్లకు అది చిక్కబడిపోయింది. గాలితో కలిసిందేమో అని ఆయన అనుకున్నాడు. అది గొలుసు కట్టడమేనని తేల్చడానికి స్టౌడింగర్ రావలసి వచ్చింది.

ఆ పాత రసాయన వాస్తవం విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో 2020 మే 7 తెల్లవారుజామున ప్రాణాంతకంగా పరిణమించింది. ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం లాక్‌డౌన్ కాలంలో మూతపడి ఉండగా, ఒక పెద్ద ట్యాంకులో నిలవ ఉన్న స్టైరీన్ తనలో తాను గొలుసులు కట్టడం మొదలుపెట్టింది. ఒక కిలో స్టైరీన్ పూర్తిగా పాలిమర్ అయితే వెలువడే వేడి దాదాపు 700 కిలోజౌళ్లు. రెండు లీటర్లకు పైగా మామూలు నీటిని మరిగే స్థాయికి తేవడానికి అది చాలు. ఆ వేడికి బయటికి పోయే దారి లేకపోతే మిగిలిన ద్రవం ఉష్ణోగ్రత పెరుగుతుంది, ఉష్ణోగ్రత పెరిగితే చర్య వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే ఇంకా వేడి పుడుతుంది. గొలుసులు పెరిగి ద్రవం చిక్కబడే కొద్దీ వేడి గోడలకు చేరడం కష్టమవుతుంది. అంతేకాక, చిక్కని ద్రవంలో పొడవాటి గొలుసు కొసలు కదిలి ఒకదాన్నొకటి కలుసుకుని చల్లారే అవకాశం తగ్గిపోవడంతో చర్య మరింత జోరందుకుంటుంది. చివరికి ద్రవం ఆవిరై ట్యాంకు దాటి నిద్రలో ఉన్న ఇళ్ల మీదికి వచ్చింది. పన్నెండు మంది చనిపోయారు.

ఇది జరగకుండా ఉంచే ఉపాయం చాలా కాలంగా తెలిసినదే. స్టైరీన్‌ను చల్లగా ఉంచాలి, దానిలో నిరోధకాన్ని కలపాలి. టెర్షియరీ బ్యూటైల్ కాటెకాల్ అనే నిరోధకం పది లక్షల పాళ్లలో పది, పదిహేను పాళ్లు ఉన్నా పుట్టిన ప్రాతిపదికలను ఎప్పటికప్పుడు అణిచివేస్తుంది. అయితే అది పని చేయడానికి ద్రవంలో కొంత ఆక్సిజన్ కరిగి ఉండాలి, పని చేసే కొద్దీ అది ఖర్చవుతుంది కూడా. అందువల్ల నిలవ ఉన్న స్టైరీన్‌ను కదుపుతూ, అన్ని మట్టాల వద్దా ఉష్ణోగ్రతను కొలుస్తూ, నిరోధకం ఎంత మిగిలిందో చూస్తూ ఉండాలి. ప్రమాదం తర్వాత రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి సంఘం చల్లబరిచే ఏర్పాటు, ఉష్ణోగ్రత కొలత, నిరోధకం, ఈ మూడింటిలోనూ లోపాలను ఎత్తిచూపింది. పాలిమరీకరణం ఉష్ణమోచక చర్య, అంటే వేడిని వెలువరించే చర్య, అని పాఠ్యపుస్తకంలో ఒక వాక్యంగా చదివే ప్రతి విద్యార్థికీ ఆ వాక్యం బరువు ఎంతో ఈ ఊరి పేరుతో సహా తెలియాలి.

శక్తి లాభంతో గొలుసు కట్టే స్టైరీన్ కథకు పూర్తిగా ఎదురు నడిచేది మొక్క. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడతో దూదిని శుభ్రం చేసి, చేతితో వడికి నేసే సన్నని ఖద్దరుకు మూలమైన పత్తి నారలో ఉన్నది దాదాపు అంతా సెల్యులోజ్. గ్లూకోజ్ అనే చక్కెర యూనిట్లు వరుసగా కలిసి ఏర్పడ్డ పాలిమర్ అది. రెండు గ్లూకోజ్‌లు కలవాలంటే ఒక నీటి అణువు బయటికి పోవాలి. మొక్క కణం నిండా నీరే ఉన్నచోట మరో నీటి అణువును బయటికి నెట్టి బంధం వేయడం శక్తి లెక్కలో నష్టం. దానంతట అది జరగదు. అందుకని మొక్క ముందుగా తన శక్తి నిల్వలను వెచ్చించి గ్లూకోజ్‌కు యు.డి.పి. అనే బరువైన అణుభాగాన్ని తగిలించి దాన్ని చురుకు చేస్తుంది. కణత్వచంలో పొదిగి ఉన్న ఎంజైమ్ ఆ యు.డి.పి.ని తొలగిస్తూ గ్లూకోజ్‌ను గొలుసు కొసకు చేరుస్తుంది. పత్తిలో ఒక్కొక్క గొలుసులో పదివేల గ్లూకోజ్‌ల దాకా ఉంటాయి. అంత పొడవున్నా ఆ గొలుసు నిడివి సుమారు ఐదు మైక్రోమీటర్లు, అంటే మిల్లీమీటరులో రెండువందల వంతు. రెండు మూడు సెంటీమీటర్ల నారలో కోట్లాది గొలుసులు ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. ప్రతి గ్లూకోజ్ తన ముందున్న దానికి తిరగబడి కూర్చోవడం వల్ల గొలుసు వంకర తిరగకుండా నిటారుగా సాగుతుంది, పక్క గొలుసులతో లెక్కలేనన్ని హైడ్రోజన్ బంధాలు కుదురుతాయి. నీటిలో ఉతికినా పంచె కరిగిపోకపోవడానికి కారణం ఆ పేర్పే. నీరు ఈ బంధాలను తెంచడం శక్తి లెక్కలో సాధ్యమే గాని, ఎంజైమ్ సాయం లేకుండా ఆ పని మనిషి ఆయుష్షులకు అందనంత నెమ్మదిగా సాగుతుంది.

ఎంజైమ్ సాయం ఉన్నప్పుడు అదే తెంపు ఎంత వేగంగా జరుగుతుందో విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల గోగు రైతులకు బాగా తెలుసు. కోసిన గోగు కట్టెను కట్టలు కట్టి చెరువులో ఊరవేసినప్పుడు, నీటిలోని సూక్ష్మజీవులు నారను కాండానికి అతికించి ఉంచిన పెక్టిన్ అనే పాలిమర్‌ను తమ ఎంజైమ్‌లతో ముక్కలు చేసి తింటాయి. అప్పుడు నార చేతితో లాగితే విడివడి వస్తుంది. నారలోని సెల్యులోజ్ గట్టి పేర్పు వల్ల తొలిరోజుల్లో వాటికి లొంగదు. మరో పాలిమర్ అయిన లిగ్నిన్ అసలే లొంగదు. కార్డనాల్ తలకు పోలిక గల ఫీనాల్ యూనిట్లు స్వేచ్ఛా ప్రాతిపదికలుగా మారి, ఒక క్రమం అంటూ లేకుండా, దొరికిన చోటల్లా ముడిపడి ఏర్పడిన జాలం అది. గోగు నార పత్తి కంటే బిరుసుగా ఉండటానికీ, గోనె సంచి ఎండలో పసుపు తిరగడానికీ ఆ లిగ్నినే కారణం. ఊర తక్కువైతే బెరడు ముక్కలు నారకు అంటుకునే ఉండి, జనపనార మిల్లులకు పోయే సరుకు ధర తగ్గుతుంది. ఎక్కువైతే సూక్ష్మజీవులు పెక్టిన్ అయిపోయాక సెల్యులోజ్ గొలుసుల మీద పడి నార బలాన్ని తగ్గిస్తాయి. చెరువులో నీరు చాలని ఏడాది ఈ రెంటి మధ్య సరైన రోజును పట్టుకోవడం రైతుకు మరింత కష్టం.